ఉయ్యాల మీద సావుకారు, వచ్చిపోయే డోలు

మొన్న మా వీధిలో ఒకింటికి కొత్త సౌండు సిస్టం వచ్చింది. బిగించడానికి వచ్చిన ఇద్దరు యువకులు బరువు సౌండు పెట్టెను, అదే బేస్ స్పీకరును, వైరు అందినంత దూరం లాగి, టీవీ పక్క మూలకు తోసి, చేతులు దులుపుకున్నారు. ఇంటాయన ఎక్కడ కూర్చుంటాడని ఒక్క మాట అడగలేదు. నేను గేటు బయట నిలబడి చూస్తూ ఊరుకున్నాను. రిటైరైనవాడి సలహా కన్నా చవక సరుకు లోకంలో లేదు. చవక సరుకైనా సరే, నేను ఏనాడూ ఊరికే ఇచ్చినవాణ్ణి కాను. కానీ రాత్రి పడుకున్నాక మనసు ఒప్పలేదు. ఈ పనిలో ఉన్న చిన్నవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను. చదివినవాళ్ళు నాకు ఒక కాఫీ బాకీ.

మాది ఆదోని. మార్కెట్టు దగ్గర మా నాయనకు కిరాణా అంగడి. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు. ఆ తక్కెడ పక్కనే పెరిగాను. అన్నప్రాసననాడే బేరం మొదలుపెట్టానని మా అమ్మ అనేది. ఇంకొంచెం నెయ్యి వేసేదాకా నోరు తెరవలేదట. అన్నీ కుదిరినా ఒక్క లోపం. మిరపకాయల బస్తా మూతి విప్పితే నాకు తుమ్ములు. గిరాకీ తను కొనడానికి వచ్చిందేమిటో మరిచిపోయి వెళ్ళిపోయేటన్ని తుమ్ములు. వాటి నుంచి పారిపోయి రేడియో రిపేరు నేర్చుకున్నాను. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు బాడుగకిచ్చాను. చివరికి బజారులో ఒక గది తీసుకొని ఆంప్లిఫైయర్లూ స్పీకర్లూ అమ్మడానికి కూర్చున్నాను.

మా నాయన లెక్కలో అది వ్యాపారమే కాదు. "తూకం లేదు, కొలత లేదు. గాలి అమ్ముతాండాడు నా కొడుకు" అని బెల్లం తూస్తూ ఊరందరికీ చెప్పేవాడు.

రంగుల టీవీలూ వీసీఆర్‌లూ మా వైపు దిగిన కొత్తల్లో నా గది ఒప్పందం ముగింపుకు వచ్చింది. కొత్త ఒప్పందానికి యజమాని జామీను అడిగాడు. ఆదోనిలో నాకు జామీను ఉండగలిగినవాడు మా నాయన ఒక్కడే. మిగతావాళ్ళందరితోనూ నేను అప్పటికే బేరమాడి ఉన్నాను.

మా నాయనకు ఎమ్మిగనూరులో చిన్ననాటి స్నేహితుడు ఒకాయన, చేనేత బట్టల సావుకారు. సరిగ్గా అప్పుడే ఆయన వీసీఆర్ కొన్నాడు. టీవీలోంచి వచ్చే సన్న సౌండు ఆయనకు నచ్చలేదు. ఇంట్లోనే సినిమా హాలు సౌండు కావాలన్నాడు. మా నాయన ఆ పని నాకు ఇప్పించాడు. ఇప్పిస్తూ షరతు కూడా పెట్టాడు.

"ఆయప్ప నోట బాగుందని మాట రావాల. వస్తే జామీను సంతకం పెడతా. రాకుంటే నా పక్కన సాప ఖాళీగానే ఉంది, వచ్చి కూసో."

ఆ చాప మిరపకాయల బస్తా పక్కనే ఉంటుంది. ఆయన ఆ మాట అంటుండగానే నా ముక్కు దురద పెట్టింది.

సావుకారు ఇల్లు పాత మిద్దె. పొడవాటి పడసాల, కింద నున్నటి బేతంచెర్ల బండలు, నడిమధ్య దూలానికి ఇత్తడి గొలుసులతో ఉయ్యాల బల్ల. ఆయన వ్యాపారమంతా ఆ బల్ల మీదే. ఊగుతూ బట్ట చూసేవాడు, ఊగుతూ ధర చెప్పేవాడు. ముందుకు ఊగినప్పుడు ఆయన ధర ఒకటి, వెనక్కి ఊగినప్పుడు ఇంకొకటి అని నేత పనివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి భోజనానికీ నిద్రకూ తప్ప దిగేవాడు కాదు.

"ఇను," అన్నాడు నాతో, కడుపు మీద చెయ్యి పెట్టుకొని. "వయసులో ఉన్నప్పుడు దసరాకు దేవరగట్టుకు పోతుంటిమి. ఆడ డోలు కొడితే సెవుల్లో కాదప్పా, ఈడ తెలిసేది. ఇప్పుడు ఈ మోకాళ్ళతో గట్టు ఎక్కలేను. ఆ డోలు నువ్వే ఈడికి తేవాల."

"తెస్తా సావుకారూ. సినిమాలో డోలు కొడితే మీ కడుపులో మోగుతుంది."

"మోగకుంటే పెట్టె నీది, వైరు నీది. నా ఉయ్యాల నాది."

బేరం తెగేలోపు మేమిద్దరం తాగిన కాఫీలకు వాళ్ళ ఆవు ఒట్టిపోయిందని ఆ ఇంటి అవ్వ, అంటే సావుకారు తల్లి, తర్వాత నన్ను చాలాసార్లు ఎత్తిపొడిచింది.

నాకు స్పీకరు పెట్టెలు చేసిచ్చేది ఆదోనిలోనే ఒక భాయ్. తాతల నాటి నుంచీ వడ్రంగం. కూలిన ఇళ్ళ టేకు తలుపులు కొని వాటితో పెట్టెలు కట్టేవాడు. లోపల కూరడానికి జిన్నింగు మిల్లు దూది. తన పెట్టె మీద ఎవరైనా వేలు పెట్టి తట్టితే చాలు, "మెల్లగా తట్టు, అది తబలా కాదు" అనేవాడు. నా పిసినారితనం ఆయనకు పెద్ద వినోదం. "సేఠ్, రేపు యముడొస్తే ఆయన దున్నపోతుకు కూడా బేరం సేస్తావు నువ్వు" అనేవాడు. చేస్తాను మరి. అడిగితే పోయేదేముంది?

సావుకారు కోసం ఆయన కట్టిన పెట్టె చూస్తే అందులో మనిషి కాపురం పెట్టొచ్చు. దాన్ని బస్సు టాపు మీదికెక్కించి ఎమ్మిగనూరు చేర్చాం. పడసాలలో టీవీ పక్క మూలలో దించాం. వైరు ఆదా కదా. జాతర సీను ఉన్న సినిమా క్యాసెట్టు పెట్టాను. గోడ పక్కన బట్టల మూట మీద కూర్చున్న గుమాస్తా డోలు దెబ్బకు ఎగిరిపడ్డాడు. నేనూ గోడకు ఆనుకొనే నిలబడ్డాను. వెన్నులో దడదడ. భాయ్ నా వైపు చూసి మీసం తిప్పాడు.

సావుకారు ఊగుతూ ఊగుతూ మొహం చిట్లించాడు.

"వస్తాందప్పా."

"వస్తాంది గదా సావుకారూ!"

"పోతాంది."

"యాడికి పోతాంది?"

"నాకేం తెలుసు? వస్తాంది, పోతాంది. మళ్ళా వస్తాంది, మళ్ళా పోతాంది."

గుమాస్తా మధ్యలో దూరి, "నాకు పోవడం లేదు సామీ, అంతా ఈడే ఉంది" అన్నాడు. సావుకారు ఆయన వైపు చూసిన చూపులో ఆ నెల జీతంలో కోత కనబడింది.

వచ్చిపోతున్నదంటే మా వృత్తిలో ఒకటే అర్థం: ఎక్కడో లూజు కనెక్షను. వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను. గోడ పక్కకు వచ్చి విన్నాను, బ్రహ్మాండం. సావుకారుకు మాత్రం వచ్చి పోతూనే ఉంది. ఆ కాలంలో మాకు అంతుపట్టని ప్రతి జబ్బుకూ ఒకే పేరు ఉండేది. "వోల్టేజి" అని చెప్పి ఆదోని బస్సెక్కాం.

తర్వాతి రాకకు ఆంప్లిఫైయరే మార్చాను. లాభం లేదు. ఆ తర్వాతి రాకకు నాలోని కిరాణా అంగడి నిద్ర లేచింది. గిరాకీకి తూకం చాలలేదంటే ఏం చేస్తాం? ఇంకో గుప్పెడు వేస్తాం. భాయ్‌తో రెండో పెట్టె కట్టించి, మొదటి పెట్టె మీదే ఎక్కించాను. అదే మూలలో. ఇప్పుడు గోడ పక్కన కూర్చున్న గుమాస్తా టోపీ కదిలింది. మూలలో దేవుని గూటిలో కుంకుమ భరిణె కింద పడింది. వంటింట్లోంచి అవ్వ పరుగున వచ్చింది.

"ఏమి కొడుకువప్పా నువ్వు! నా దేవుణ్ణి గూట్లోంచి దొబ్బుతాండావే!"

సావుకారు మాత్రం ఊగుతూ, "గట్టిగా వస్తాంది. గట్టిగా పోతాంది. అంతే" అన్నాడు.

ఆ వారమే ఆయన మా నాయనకు కబురు పంపాడు: "నీ కొడుకు నాకు సగం సౌండు అమ్మినాడు." అంగట్లో కల్తీ చేశాడని అన్నా మా నాయనకు అంత కోపం వచ్చేది కాదు. కల్తీ వ్యాపారంలో ఉన్నదే. తూకంలో సగం కోశాడంటే మాత్రం వంశం మీది మాట.

"పద, ఈసారి నేనూ వస్తా," అన్నాడు. "బాగుందని ఆయప్ప అంటే సరి. లేకుంటే అటు నుంచి అటే అంగడికి. సాప దులిపే ఉంది."

అలా ముగ్గురం ఎమ్మిగనూరు వెళ్ళాం. దారి పొడవునా మా నాయన బస్సులో పక్కవాళ్ళకు నా తుమ్ముల కథ చెప్పాడు. భాయ్ పగలబడి నవ్వాడు. నేను కిటికీలోంచి పత్తి చేలు చూశాను.

మేం వెళ్ళేసరికి సావుకారు భోజనానికి లేచాడు. మా నాయనా ఆయనతో లోపలికి వెళ్ళాడు. పడసాల ఖాళీ. భాయ్ పెట్టెల దగ్గర ఉన్నాడు, క్యాసెట్టులో డోలు మోగుతోంది. నిజం చెప్తున్నాను, అది శాస్త్రీయ పరిశోధన కాదు. ఎప్పుడెప్పుడు ఎక్కుదామా అని ఆ ఉయ్యాల మీద నాకు మొదటి రోజు నుంచీ కన్ను. ఆ ఇంట్లో సావుకారు తప్ప ఇంకెవరూ దాని మీద కూర్చోరు. అటూ ఇటూ చూసి ఎక్కేశాను.

కదలకుండా కూర్చుంటే డోలు లేదు. పాట ఉంది, మాటలున్నాయి, కడుపులో డోలు మాత్రం లేదు. కాలి బొటనవేలితో బండను తన్నాను. ఉయ్యాల ముందుకు వెళ్ళింది. డోలు వచ్చింది. నడుమకు వచ్చింది. డోలు పోయింది. వెనక్కి వెళ్ళింది. డోలు వచ్చింది.

"భాయ్!" అని కేక వేశాను. "సౌండు వచ్చిపోవడం లేదు! సావుకారు వచ్చిపోతాండాడు!"

"అరె, దిగు సేఠ్! అవ్వ!"

అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. "ఎవురప్పా అది నా కొడుకు బల్ల మింద!" అన్న కేకకు మా నాయన చెయ్యి కడుక్కోకుండానే బయటికి వచ్చాడు. ఆయన చూసిన దృశ్యం ఇది: పని బాగు చెయ్యడానికి వచ్చిన కొడుకు, కళ్ళు మూసుకొని ఉయ్యాల ఊగుతున్నాడు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చాప దులుపుతున్నట్టు ఒక్కసారి దులిపాడు.

దీని లెక్క నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. చిన్నవాళ్ళకు ఇక్కడే చెప్పేస్తాను. పశువుల నీళ్ళ తొట్టిని ఒక పక్క నుంచి కుదిపితే నీళ్ళు ఎక్కడ ఎగిరిపడతాయి? రెండు అంచుల దగ్గర. నడుమ నీళ్ళు లేచేదీ లేదు, పడేదీ లేదు. మూసిన గదిలో బరువు సౌండు కూడా ఇంతే. గోడల దగ్గర పోగుపడుతుంది, నడుమ మాయమవుతుంది. దాన్ని కొన్నవాడేమో సరిగ్గా నడుమ కూర్చుంటాడు.

సావుకారు వచ్చి బల్ల మీద కూర్చోగానే చేతులు కట్టుకొని చెప్పాను. "సావుకారూ, ఉయ్యాలను గోడ పక్కకు జరిపితే..."

"మా తాత కొట్టిన కొక్కేలు అవి."

"పోనీ సినిమా సూసే సేపు ఊగకుండా..."

"ఊగకుంటే నాకు నిద్రొస్తుంది. నీ సౌండు కోసరం నేను కదలకుండా కూసోవాల్నా? సౌండే నా ఎంబడి రావాల."

మా నాయన గోడ పక్కన మూట మీద గుమాస్తా సరసన కూర్చొని, "సావుకారు సెప్పింది న్యాయం" అన్నాడు. నా సొంత నాయన!

ఇంతలో అవ్వ తన తీర్పు చెప్పింది. "ఊగుతాడో ఊగడో మీరూ మీరూ తేల్చుకోండి. ఆ మూలలో నా దేవుని కాడ రెండు పెట్టెల్లో ఒక్కటి కూడా ఉండకూడదు."

అవ్వతో బేరం కుదరదని అప్పటికే నేర్చుకున్నాను. ఒక పెట్టెను టీవీ బల్ల వెనక్కి, ముందు గోడ నడుమకు తోశాం. రెండోదానికి పక్క గోడల వెంట చోటు లేదు, అటు బట్టల మూటలు, ఇటు తలుపులు. ఖాళీ ఉన్నది వెనక గోడ ఒక్కటే. సావుకారు వెనక, సరిగ్గా మొదటి పెట్టెకు ఎదురుగా పెట్టాం. వైరు చాలకపోతే ఇంకో ముక్క అతికించాం. భాయ్ స్విచ్ వేశాడు.

డోలు పూర్తిగా పోయింది.

ముందుకు ఊగితే కొంచెం, వెనక్కి ఊగితే కొంచెం, నడుమ మాత్రం దీపం ఆర్పినట్టు. సావుకారు ఊగడం ఆపేశాడు. ఆయన తనంతట తాను ఉయ్యాల ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. మా నాయన గోడ పక్క నుంచి, "ఒక పెట్టెతో సగం సౌండు అమ్మినావు. రెండు పెట్టెలతో ఉన్నదీ పోగొడితివి. మూడోది తేవద్దు నాయనా, వీళ్ళకు సెవుడొస్తుంది" అన్నాడు.

గుమాస్తా నవ్వాడు. అవ్వ నవ్వింది. నాకు ముక్కు దురద పెట్టింది.

ఆ దురదలోనే వెలిగింది. పెళ్ళి పందిట్లో రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తిరగబడితే సౌండు ఇలాగే చస్తుంది. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి పీలుస్తుంది. అవ్వను అడిగి టార్చిలైటు బ్యాటరీ ఒకటి తెప్పించాను. వైరు కొసలను దానికి తాకించాను. ముందు పెట్టె స్పీకరు కాగితం బయటికి ఉబికింది. వెనకదానికి తాకించాను. లోపలికి ముడుచుకుంది.

"భాయ్, వైరు తిరగేసి కలిపినావు!"

"నేనా?" భాయ్ లేచి నిలబడ్డాడు. "ఎర్రది ఏది, నల్లది ఏది? సూపించు. రెండు పోగులూ తెలుపే! ఈ వైరు నువ్వే కదా బళ్ళారి నుంచి మూట కట్టుకొని వచ్చినావు, చవక చవక అని పండగ సేసుకుంటూ? నేనేమి జ్యోతిష్యం సెప్పాల్నా?"

నిజమే. ఎవరూ కొనని ఒకే రంగు వైరును నేను గంటసేపు బేరమాడి తెచ్చాను. ఆ వైరు ఎందుకు చవకో అమ్మినవాడికి తెలుసు. నాకు ఎమ్మిగనూరులో తెలిసింది.

"ఏమిరా?" అన్నాడు మా నాయన.

"ఏం లేదు నాయనా, వోల్టేజి."

వెనక పెట్టె వైరు కొసలు మార్చి బిగించాను. భాయ్ మళ్ళీ స్విచ్ వేశాడు.

డోలు మోగింది. ముందు పెట్టెలోంచీ కాదు, వెనక పెట్టెలోంచీ కాదు. పడసాలే డోలైనట్టు. సావుకారు నమ్మలేదు. మెల్లగా ఊగాడు. డోలు ఉంది. గట్టిగా ఊగాడు. ఉంది. గొలుసులు కిర్రుమనేలా ఈ చివరి నుంచి ఆ చివరికి ఊగాడు. ముందుకెళ్ళినా ఉంది, నడుమా ఉంది, వెనక్కెళ్ళినా ఉంది. తొట్టిని రెండు పక్కల నుంచీ ఒకేసారి సమంగా తోస్తే నీళ్ళు అంచులకెక్కవు కదా, అదీ సంగతి. సావుకారు చెయ్యి దానంతటదే కడుపు మీదికి వెళ్ళింది. కళ్ళు మూసుకున్నాడు. గట్టు ఎక్కుతున్నాడని నాకు అర్థమైంది.

నేను మా నాయన వైపు చూశాను. ఆయన సావుకారు నోటి వైపు చూస్తున్నాడు.

అప్పుడు ఆ గుమాస్తా నోరు తెరిచాడు. "ఇప్పుడు ఈడ గోడ కాడ తగ్గిపోయింది సామీ. ముందర ఈడే శానా ఉండె. ఇప్పుడు నాకూ మీకూ సమానంగా వస్తాంది."

సావుకారు కళ్ళు తెరిచాడు. ఉయ్యాల నెమ్మదించింది.

"అంటే, నేను కొన్న సౌండు నాకెంత వస్తాందో గుమాస్తాకూ అంతేనా?"

పని బాగా చేసినందుకు పోయిన గిరాకీని అంతకు ముందు నేను చూడలేదు. ఇల్లంతా సౌండు సమంగా పరచడమే మా విద్య అని చెప్పడానికి నోరు తెరిచాను. మా నాయన చెయ్యెత్తి ఆపాడు. మూట మీద నుంచి లేచి, ఉయ్యాల పక్కకు వెళ్ళి గొలుసు పట్టుకున్నాడు.

"ఎట్ల ఒకటవుతుందప్పా?" అన్నాడు. "గుమాస్తాకు సౌండు ఇనపడుతాంది, అంతే. నీకు మర్యాద జరుగుతాంది. నువ్వు ముందరికి ఊగితే ఆ పెట్టె ఎదురొచ్చి దండం పెడుతుంది. ఎనక్కి ఊగితే ఈ పెట్టె ఈపు నిమురుతుంది. ఊగు, సూడు. ఏమప్పా గుమాస్తా, నీ ఈపు ఎవురన్నా నిమురుతాండారా?"

"లేదు సామీ," అన్నాడు గుమాస్తా. ఉద్యోగం అవసరమున్న మనిషి.

సావుకారు ఊగాడు. ముందుకు ఊగి దండం అందుకున్నాడు. వెనక్కి ఊగి ఆగాడు. మొహం విప్పారింది.

"అవునప్పా. ఈపు కాడ తెలుస్తాంది." ఇంకోసారి ఊగాడు. "బాగుంది."

"గట్టిగా సెప్పప్పా," అన్నాడు మా నాయన. "మావోనికి ఇనపడల."

"బాగుంది!"

తిరుగు బస్సులో కూర్చున్నాక నేనే అడిగాను. "నాయనా, వీపు నిమరడం నీకు నిజంగా తెలిసిందా?"

"నాకేమి తెలుస్తుందిరా? నేను గోడ కాడ కూసున్నా." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నా అంగట్లో సింతపండంతా ఒక్క బస్తాదే. ఇది పులుసుకు, ఇది పచ్చడికి అని వేరే వేరే సెప్తానా లేదా? కొన్నోళ్ళకు రుచి తెలుస్తాందా లేదా?"

భాయ్ ముందు సీటు మీద తల వాల్చి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

మరునాడు మా నాయన జామీను సంతకం పెట్టాడు. ఆ తర్వాత బెల్లానికి వచ్చిన ప్రతివాడికీ "ఈపు నిమిరే పెట్టె కావాలంటే మావోని అంగడికి పో" అని చెప్పడం మొదలుపెట్టాడు. జనం వచ్చి ఆ పేరుతోనే అడిగేవాళ్ళు. ఒక పెట్టె చాలినవాళ్ళు కూడా రెండు తీసుకెళ్ళారు. నేను కాదనలేదు. ఎవరింటికి వెళ్ళినా గోడలో ప్లగ్గు ఎక్కడుందో తర్వాత చూసేవాణ్ణి. ముందు తలెత్తి కప్పులో కొక్కేలున్నాయా అని చూసేవాణ్ణి. ఒకే రంగు వైరు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా మళ్ళీ కొనలేదు.

నా గది కొత్త ఒప్పందం కుదిరాక మా నాయన మొదటిసారి దుకాణం చూడటానికి వచ్చాడు. భాయ్ లోపల నేల మీద కూర్చొని కొత్త పెట్టెలో దూది కూరుతున్నాడు. గదంతా నూగు ఎగురుతోంది. మా నాయన గడప దాటి నాలుగు మాటలు మాట్లాడాడో లేదో, ఒక తుమ్ము. ఆ వెంటనే ఇంకొకటి. జీవితమంతా మిరపకాయల మధ్య కళ్ళు కూడా తుడుచుకోకుండా కూర్చున్న మనిషి, ఆదోని దూదికి తట్టుకోలేక గుమ్మం పట్టుకొని తుమ్ముతూనే ఉన్నాడు. ఆంప్లిఫైయరు బేరం ఆడుతున్న గిరాకీ ఒకాయన మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను ఆయన కోసం బయట అరుగు మీద ఒక చాప వేయించాను.